ఖాళీ గదుల్లో మనుషులు

మా మామగారు ఆడిటరు. ఆడిటరంటే చల్లటి గదిలో కూర్చుని, ముందు పెట్టిన కాగితాల మీద చకచకా సంతకాలు గీకి పంపేసే పెద్దమనిషి అనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే. ఆయన చూసేవన్నీ చిన్న చిన్న వ్యాపారాల లెక్కలు. చెప్పుల కొట్టు, పిండిమర, పరుపుల దుకాణం, బస్‌స్టాండు పక్కన చవక హోటళ్ళు. కంటితో చూడందే దేనికీ టిక్కు పెట్టరు. ఎవరేం చెప్పినా, ఎంత మెరిసే కాగితం చూపించినా, "బాగుంది. ఒకసారి చూసొద్దాం" అంటారు. ఆ మాట పుణ్యమా అని ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. అందరికీ ఆయన చూసొద్దాం సారే.

నేను ఆయన కోడల్ని, ఆఫీసులో ఆయన జూనియర్‌ని, ఆయనకి బండి నడపడం రాదు గనక స్కూటర్ డ్రైవర్‌ని కూడా. నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆయనకి కోపం ఒంట్లో ఎక్కడుందో మా అత్తగారు ఇన్నేళ్ళ కాపురంలో వెతికి వెతికి విసిగి వదిలేశారు. "ఈయనతో పోట్లాడే కన్నా గోడతో పోట్లాడుకోవడం నయమే అమ్మాయ్. గోడ కనీసం చూసొద్దాం అనదు" అంటారావిడ.

ఓ ఏడాది చెప్పుల కొట్లో సరుకు లెక్క అచ్చు గుద్దినట్టు సరిపోయింది. హమ్మయ్య అనుకుని నేను సంచీ సర్దేస్తున్నాను. ఈయన తాపీగా స్టూలు మీద కూర్చుని, తన బూట్లు విప్పేసి, కొట్లో జోళ్ళు తొడుక్కోవడం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. తీరా చూస్తే అటక మీది పెట్టెల్లో ఉన్నవన్నీ ఎడమకాలివే! కుడికాలివేమో అరల్లో, చూపు కోసం పెట్టినవి. కొట్టు యజమాని పెట్టెనొక జతగా, అరలోదాన్ని ఇంకో జతగా రాసేసుకున్నాడు. మోసం కాదు పాపం, వట్టి తొందర. ఈయన కాళ్ళు పెట్టి చూడకపోయుంటే లేని చెప్పులకి ఆ మనిషి పన్ను కట్టుకునేవాడు. పరుపుల దుకాణంలో కూడా ఇంతే, ఒక్కో పరుపూ నొక్కి చూస్తూ చూస్తూ చివరిదాని మీద నిద్రపోయారు. షట్టరు దించుతూ కొట్టువాళ్ళు ఫోన్ చేస్తే నేనే వెళ్ళి లేపి తీసుకొచ్చాను.

అలాంటి మనిషిని బస్‌స్టాండు పక్క హోటలు యజమాని ఈ ఏడాది ఆడిట్‌కి పిలుస్తూ, "సార్, ఈసారి మీకు శ్రమే లేదు. అంతా ఫోన్‌లోనే ఉంది. సంతకం పెట్టేస్తే చాలు" అన్నాడు. నాకు అప్పుడే నవ్వొచ్చింది.

ఆ యజమాని ఒకప్పుడు టాక్సీ నడిపినవాడు. అర్ధరాత్రీ అపరాత్రీ ప్రయాణికుల్ని దింపుతూ ఊళ్ళో ఉన్న హోటళ్ళన్నీ చూసి, వాటిలో ఏం బాగుండదో బాగా ఎరిగి, తనే ఒకటి పెట్టుకున్నాడు. తక్కువ అద్దె, శుభ్రమైన పక్క, వేడి నీళ్ళు. మనిషి మంచివాడే గాని, కొత్త మిషను కనబడితే చాలు, చెవులు కోసుకుంటాడు. ఆయన హోటల్లో తలుపులు ఫోన్‌తో తెరుచుకుంటాయి. మనిషి గదిలో అడుగు పెడితే దీపాలు వెలుగుతాయి. కదలిక ఆగి కాసేపయిందంటే దీపాలూ ఫ్యానూ ఏసీ అన్నీ వాటంతటవే ఆరిపోతాయి. నడవలో ఓ పెట్టె ఉండుండి 'తుస్సు'మని సుగంధం చల్లుతుంది. అన్నీ కలిపి ఆయన ఫోన్‌లో చిన్న చిన్న గళ్ళుగా కనబడతాయి. ఏ గదిలో మనిషున్నాడో ఆ గడి పచ్చగా ఉంటుంది. ఎగతాళి కాదు, వీటివల్ల కరెంటు బిల్లు సగానికి సగం పడిపోయింది. ఆ మిగులుతోనే అద్దె పెంచకుండా నెట్టుకొస్తున్నాడు. మా మామగారు కూడా భేష్ అన్నారు, స్వయంగా మీటరు చూసొచ్చాక.

ఇక ఆ హోటలుకి ప్రాణం కౌంటరక్క. హోటలు తెరిచిన నాటి నుంచీ ముందు బల్ల దగ్గర ఆవిడే. యజమాని ఆవిడని అక్కా అంటాడు, ఆవిడ ఆయన్ని తమ్ముడూ అంటుంది. చుట్టరికమేమీ లేదు, పిలుపే. ఎవరు పై అంతస్తు ఎక్కలేరో, ఎవరికి రెండు దిండ్లు కావాలో, ఎవరు తెల్లారగట్ల బస్సుకి లేవాలో ఆవిడకి నోటికొచ్చు. ఇంట్లో మంచం పట్టిన తల్లి, చదువుకుంటున్న కూతురు. ముగ్గురికీ ఆవిడ జీతమే ఆధారం.

మేం వెళ్ళిన పొద్దున ఆవిడ తన కౌంటరు సొరుగు ముందు నిలబడి, సొరుక్కున్న చిన్న అద్దం మీద వేలు పెట్టి నొక్కుతోంది. ఆ సొరుగు ఆవిడ వేలిముద్రకే తెరుచుకుంటుంది.

"క్షమించండి. మిమ్మల్ని గుర్తించలేకపోయాను" అంది సొరుగు తియ్యని గొంతుతో.

ఆవిడ వేలు బట్టకేసి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మాట. బొటనవేలు పెట్టింది. నోటి ఆవిరి ఊది పెట్టింది.

"తమ్ముడూ, మిషను చెడిపోయినట్టుంది చూడు. పొద్దున్నించీ నన్ను ఎరగనంటోంది" అంది నవ్వుతూ.

యజమాని ఆవిడ మొహంకేసి చూడలేదు. "మీరు కాసేపు ఆ సోఫాలో కూర్చోండక్కా. సార్‌తో మాట్లాడొస్తాను" అని మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకుపోయాడు. ఆ సోఫా అతిథులది. ఆవిడ అందులో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అంచు మీద, లేచిపోయేలా కూర్చుంది.

లోపలికెళ్ళగానే ఆయన ఫోను మా ముందు పెట్టాడు. "చూడండి సార్. వేసవి నుంచీ చూస్తున్నాను. బుకింగుల్లో ఖాళీ అని ఉన్న గది ఇక్కడ పచ్చగా కనబడుతోంది. ఇవాళ ఇది, రేపు ఇంకోటి. ఖాళీ గదుల్లో మనుషులుంటున్నారు సార్! బిల్లు లేదు, డబ్బు లేదు."

"గది సర్దేవాళ్ళయి ఉండొచ్చుగా?" అన్నాను.

"అదీ అడిగాను మేడమ్. మిషను పెట్టినవాళ్ళు చెప్పారు. అరగంట లోపు కదలికైతే సర్దేవాళ్ళు, అరగంట దాటిందంటే అతిథి. వాళ్ళు అలానే పెట్టి ఇచ్చారు. మొదట్లో సరిగ్గానే ఉండేది. వేసవి నుంచే ఈ తేడా. బస్సు దిగినవాళ్ళకి స్నానానికని గంటల లెక్కన ఇచ్చేస్తున్నట్టుంది. తలుపులు తెరిచింది కూడా స్టాఫ్ ఫోనే. ఆ ఫోను ఉండేది ఎవరి దగ్గర? కౌంటర్లో. సొంత అక్కలా చూశాను సార్. పొద్దున్నే ఆవిడ వేలు తీసేశాను మిషన్లోంచి. మీరు రిపోర్టులో ఒక్క ముక్క రాయండి, ఆదాయం దారి మళ్ళిందని. సాయంత్రం లెక్క తేల్చి పంపించేస్తాను."

నేను ఒంటికాలి మీద లేచాను. "మిమ్మల్ని తమ్ముడూ అంటున్న మనిషిని ఒక్క మాట అడగలేదా? ఆవిడ బయట వేలు తుడుచుకుని తుడుచుకుని పెడుతోంది, చూశారా?"

"ఏమని అడగను మేడమ్? దొంగతనం చేశావా అని అడగనా? నోరెలా వస్తుంది?"

"నోరు రాలేదు గాని, వేలు తీసెయ్యడానికి చెయ్యి మాత్రం వచ్చింది!"

"అమ్మాయ్" అన్నారు మామగారు. అంతే, నేను కూర్చున్నాను గాని లోపల కుతకుత ఉడికిపోతున్నాను. ఆవిడ తరఫున ఈయనైనా ఓ మాట అంటారేమో అని చూశాను. ఈయన కళ్ళజోడు తుడుచుకుని, ఫోనులో ఆ పచ్చ గళ్ళన్నీ తీరిగ్గా చూసి, "బాగుంది. ఒకసారి చూసొద్దాం" అన్నారు.

నడవలోకి రాగానే పట్టుకున్నాను. "మామయ్యా, మీరు కూడా ఆవిడని అనుమానిస్తున్నారా?"

"లేదమ్మా."

"అయితే నమ్ముతున్నారా?"

"అదీ లేదు. నేనింకా ఏమీ చూడలేదు. నీకు ఆవిడంటే ఇష్టం, ఆయనకి మిషనంటే ఇష్టం. ఇష్టాలకి టిక్కు పెట్టడం నాకు చేతకాదు."

ఇలాంటప్పుడు ఆయన్ని ఎత్తుకెళ్ళి ఆ పరుపుల దుకాణంలోనే వదిలేసి రావాలనిపిస్తుంది.

ముందు చాకిరేవు బిల్లులు తీయించారు. ఉతికించిన దుప్పట్లు, తువ్వాళ్ళు అమ్ముడైన గదులతో సరిపోయాయి. సబ్బులూ అంతే. ఒక్కటీ ఎక్కువ లేదు. "మరి గంటకింతని వచ్చినవాళ్ళు తడి ఒంటితోనే పోయారా బాబూ?" అన్నారు. యజమాని తగ్గలేదు. "తువ్వాలు వాళ్ళే తెచ్చుకుంటారు సార్, సబ్బు కూడా" అన్నాడు. తర్వాత ఆ పచ్చ గళ్ళ వేళలు చూశారు. అన్నీ పొద్దుటి పూటే. రాత్రి ఒక్కటీ లేదు. "బస్సులు దిగేది పొద్దున్నే కదా సార్" అన్నాడు యజమాని. ప్రతిదానికీ ఆయన దగ్గర సమాధానముంది, నా దగ్గరేమో కోపం తప్ప మరేమీ లేదు.

"సరే, ఓ ఖాళీ గది తెరిపించండి. అతిథిగా కాసేపు మేమే ఉండి చూస్తాం" అన్నారు మామగారు.

యజమాని తన ఫోనుతో మొదటి అంతస్తులో ఓ గది తెరిచి, మమ్మల్ని వదిలి కిందికి పోయాడు. మేం అడుగు పెట్టగానే దీపాలు భళ్ళున వెలిగాయి. ఆయన మంచం మీద కూర్చుని కాగితాలు చూస్తున్నారు. నేను కుర్చీలో మూతి ముడుచుకుని కూర్చున్నాను. కాసేపటికి టప్పున అంతా చీకటి. కిటికీకి దళసరి తెర, చెయ్యి కనబడలేదు.

"ఏమైంది?" అన్నారాయన చీకట్లోంచి.

"మనం కదలడం లేదుగా. ఎవరూ లేరనుకుంది" అని చెయ్యి ఊపాను. దీపాలు వచ్చాయి.

"భలే!" అని ముచ్చటపడి, ఆయనా ఓసారి చెయ్యి ఊపి, లేచి బాత్రూములోకి వెళ్ళారు. కుళాయి చూడటానికి. ఈయనకి కుళాయి కారుతోందా లేదా అన్నది కూడా ఆడిటే. తలుపు దగ్గరగా వేసుకున్నారు. నేను కుర్చీలో కదలకుండా ఆలోచిస్తున్నాను. మళ్ళీ టప్పున చీకటి. ఈసారి బాత్రూములోంచి ఠంగుమని చప్పుడు, వెనకే "అబ్బా!"

"మామయ్యా!"

"ఏం లేదు, బకెట్టు తన్నుకున్నాను. అమ్మాయ్, చెయ్యి ఊపు!"

ఊపాను. వెలుగొచ్చింది.

"ఇక్కడ నేను ఊపుతుంటే దీపం రావట్లేదేం?" అని లోపల్నించి అరుస్తున్నారు.

"మిమ్మల్ని చూసే కన్ను గది పైకప్పుకి ఉంది మామయ్యా. అది బాత్రూములోకి చూడలేదు."

"అలాగా! నువ్వు ఊపుతూనే ఉండు, నేను ఈ కుళాయి సంగతి తేలుస్తాను."

నా ఖర్మ చూడండి. ఇంత చదువు చదివి, గది మధ్యలో నిలబడి రెండు చేతులూ గాల్లో ఊపుతున్నాను, మా మామగారికి బాత్రూములో వెలుతురు కోసం. బయట ఆ మహాతల్లి ఉద్యోగం ఊడబోతోంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చెయ్యి నొప్పెట్టి ఓ క్షణం దించాను. లోపల్నించి మళ్ళీ ఠంగు!

ఆయన మోకాలు రుద్దుకుంటూ బయటికొచ్చారు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నాకంటే నువ్వున్నావు ఊపడానికి. రోజూ ఇవన్నీ కడిగేవాళ్ళు ఉంటారుగా. వాళ్ళకెవరు ఊపుతున్నారు?" అన్నారు.

నిజమే! కడిగేవాళ్ళు బాత్రూములో ఉన్నంతసేపూ గదిలో కదలిక ఉండదు. దీపం ఆరిపోవాలి. చీకట్లో తడుముకుంటూ ఎవరు కడుగుతారు?

అంతలో యజమాని మెట్లమీద దడదడా పరుగెత్తుకొచ్చాడు. ఫోను గాల్లో ఊపుతున్నాడు. "సార్, సార్! దొరికారు! పై అంతస్తు చివరి గది. ఖాళీ గది సార్! అరగంట దాటింది, మనిషున్నట్టు చూపిస్తోంది. ఇప్పుడే, ఈ నిమిషాన!"

"పద, చూసొద్దాం" అన్నారు మామగారు. ఆయన మెట్లెక్కిన వేగం నేనెప్పుడూ చూడలేదు. యజమాని ముందు, వెనక ఈయన, ఆ వెనక నేను. మా హడావిడి చూసి కౌంటరక్క కూడా సోఫా వదిలి వచ్చేసింది. "ఏమైంది తమ్ముడూ, నిప్పంటుకుందా?" అని అడుగుతూనే ఉంది.

చివరి గది ముందు ఆగాం. లోపల ధబ్, ధబ్ అని చప్పుడు. ఎవరో గెంతుతున్నారు. యజమాని నాకేసి 'ఇప్పుడేమంటారు' అన్నట్టు చూశాడు. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క క్షణం నాకూ భయమేసింది. ఆయన ఫోను తలుపుకి ఆనించాడు. తలుపు తెరుచుకుంది.

మంచం మీద ఓ పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద చారల పిల్లి ఒకటి. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. ఫ్యాను రెక్కకి ఓ దారం, దారం చివర గుడ్డముక్క. ఆ గుడ్డముక్క గిర్రున తిరుగుతుంటే, పిల్లి దాన్ని పట్టుకుందామని ధబ్‌మని ఎగిరి, అందక పడి, మళ్ళీ ఎగురుతోంది. గదినిండా దేదీప్యమానంగా దీపాలు. బాత్రూములోంచి నీళ్ళ చప్పుడు, ఇద్దరాడవాళ్ళ కబుర్లు.

"ఇంకాస్త గట్టిగా రుద్దవే, అంచులు వదిలేస్తావేం?"

"నీ కళ్ళకి అంచులే కనబడతాయక్కా. చూడు చూడు, సూపర్‌వైజర్ గారు పడుకున్నారేమో. చప్పుడాగింది."

ఆగక ఏమవుతుంది? సూపర్‌వైజర్ గారు మమ్మల్ని గుడ్లప్పగించి చూస్తున్నారు.

గదులు సర్దే ఆ ఇద్దరూ తోడికోడళ్ళు. పెద్దావిడ చేతిలో బ్రష్షుతో బయటికొచ్చి, మమ్మల్నందర్నీ చూసి కొయ్యబారిపోయింది. చిన్నావిడ మాత్రం చటుక్కున పిల్లి ముందు అడ్డంగా నిలబడింది. "దాన్నేం అనకండి సార్. అది మా పనిమనిషి" అంది.

మామగారే మంచం అంచున కూర్చుని, పిల్లి మెడ నిమురుతూ అడిగారు. "భయపడకమ్మా. ఇదెప్పట్నుంచి డ్యూటీలో ఉంది?"

"వేసవి నుంచి సార్" అంది చిన్నావిడ. "బాత్రూములో ఉండగా లైటారిపోతుంటే ఏం చెయ్యమంటారు? సబ్బు కళ్ళలోకి పోయేది. మా అక్క ఓసారి చీకట్లో జారి నడుం విరగ్గొట్టుకున్నంత పని చేసింది. సార్‌తో చెప్తే, ఒకళ్ళు గదిలో నిలబడి చెయ్యి ఊపండి అన్నారు. ఒకళ్ళు చెయ్యి ఊపితే మరి పని ఎవరు చెయ్యాలి సార్? ఇది వెనకాల వంటగది దగ్గర తిరుగుతుండేది. తెచ్చి పెట్టాం. మొదట్లో ఇదీ పడుకునేది, టప్పున చీకటయ్యేది. అందుకని ఆ దారం కట్టాం."

"ఆ దుప్పటి పక్కల్ది కాదు, మా ఇంటి నుంచి తెచ్చిందే" అంది పెద్దావిడ గబగబా.

నాకు కడుపుబ్బ నవ్వొచ్చింది. పాపం ఆ యంత్రం కూడా అబద్ధమేం చెప్పలేదు. గదిలో ఎవరో కదులుతున్నారంది, అంతే. ఇదివరకు వీళ్ళు బాత్రూములో ఉన్నంతసేపూ దానికి కనబడేవాళ్ళు కాదు గనక అరగంట లోపే లెక్క తేలిపోయేది. ఇప్పుడు మన సూపర్‌వైజర్ గారు పని పూర్తయ్యేదాకా గెంతుతూ అతిథి అయి కూర్చుంది.

యజమాని మాత్రం ఇంకా నవ్వలేదు. "అదంతా సరే. అమ్ముడుపోని గది ఎందుకు కడుగుతున్నారసలు? ఎవరు కడగమన్నారు?"

"మేడమ్ ఊరుకుంటారా?" అని పెద్దావిడ తలుపు వైపు చూపించింది. "మూసిపెట్టిన గది వాసనేస్తుందంటారు. ఖాళీగా ఉన్నా సరే రోజు విడిచి రోజు కడిగి, ఆరబెట్టి, కిటికీ తెరిచి మరీ వెయ్యాల్సిందే. ఫోనిచ్చి పంపించి, మళ్ళీ వచ్చి ముక్కు పెట్టి చూస్తారు కూడా."

హోటలు గుమ్మంలో ఓ బోర్డుంది. 'ఇంత తక్కువ అద్దెలో ముక్కిన వాసన లేని గది ఇక్కడే చూశాను' అని ఎవరో అతిథి రాసిన మాటని యజమాని పెద్దక్షరాలతో రాయించి పెట్టుకున్నాడు. ఆ ఘనతంతా నడవలో తుస్సుమనే పెట్టెదే అనుకుంటూ వచ్చాడు. ఖాళీ గది పచ్చగా కనబడింది ఆవిడ శ్రద్ధ వల్ల. ఆ శ్రద్ధకే ఆవిడ వేలు తీసేశాడు.

కౌంటరక్క గుమ్మంలో నిలబడి అంతా విన్నది. సంగతి ఏమిటో, తనని సోఫాలో ఎందుకు కూర్చోబెట్టారో ఆవిడకి అప్పటికి పూర్తిగా అర్థమైంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ విసవిసా లోపలికొచ్చి, పాత దుప్పటి ఎత్తి, కింద తెల్ల దుప్పటి మీద అరచెయ్యి వేసి అంగుళం అంగుళం తడిమి చూసింది. "నా పక్కల మీద పిల్లిని గెంతిస్తారా మీరు! ఒక్క వెంట్రుక అతిథి కంట్లో పడితే ఏమవుతుంది? ఇద్దరికీ చెప్తాను ఉండండి మీ పని!" అని తోడికోడళ్ళ మీద విరుచుకుపడింది. వాళ్ళిద్దరూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కున్నారు. ఆ తర్వాతే యజమాని వైపు తిరిగింది.

"తమ్ముడూ, నీ ఫోన్ని అడిగావు, మిషనువాళ్ళని అడిగావు, ఆడిటరు గారిని అడిగావు. పదడుగుల దూరంలో ఉన్నాను. నన్నొక్క మాట అడగలేకపోయావా?"

యజమాని తల వంచుకుని, "తప్పయిపోయిందక్కా. నిజంగా తప్పయిపోయింది" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి ఫోను అడ్డమొస్తే జేబులో పెట్టుకున్నాడు. ఆ ఫోను ఆయన జేబులో ఉండగా చూడటం నాకదే మొదలు.

అందరం కిందికి దిగాం. యజమాని సొరుగు ముందు వంగి, ఏవేవో నొక్కి, "వేలు పెట్టండక్కా" అన్నాడు. ఆవిడ పెట్టలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒక షరతు. ఇకమీదట అందులో ఏం కనబడినా ముందు నా దగ్గరికొచ్చి అడగాలి. అడుగుతావా?"

"అడుగుతానక్కా."

"బాత్రూముల్లో కూడా ఆ కన్నేదో పెట్టించు. ఆడకూతుళ్ళు పడి కాళ్ళిరగ్గొట్టుకుంటే ఎవరిది పాపం?"

"వెంటనే పెట్టిస్తాను."

"పిల్లి పక్కలెక్కకూడదు. వంటగది దగ్గర దానికి పాలు పొయ్యొచ్చు."

"అలాగే అక్కా."

అప్పుడు పెట్టింది వేలు. "స్వాగతం" అంది సొరుగు, పొద్దున్న కాదన్న ఆ తియ్యని గొంతుతోనే. ఆవిడ తన కుర్చీలో కూర్చుని బల్ల మీది దుమ్ము చేత్తో తుడిచింది. మా మామగారు సంచీ భుజానికి తగిలించుకుని, "వస్తామమ్మా. రిపోర్టు రేపు పంపిస్తాను. గదుల లెక్కలో తేడా లేదు" అన్నారు.

"ఆగండి సార్" అంది కౌంటరక్క. "తేడా ఉంది."

మేం తెల్లమొహాలు వేశాం.

"మొదటి అంతస్తులో ఇవాళ అమ్మని గదిలో ఇందాక ఎవరో ఉన్నట్టు చూపించింది. అరగంట దాటింది. మీరూ మేడమూనే కదా ఉన్నది?" అని బిల్లు తీసి ముందు పెట్టింది. "పగటిపూట అద్దె. కట్టి వెళ్ళండి."

యజమాని కంగారుపడిపోయాడు. "అక్కా! సార్ దగ్గర డబ్బులేంటి? ఆయన మన పని మీదేగా ఉన్నారు?"

"ఎవరి పని మీదున్నా సరే. మనిషున్నట్టు కనబడితే బిల్లుండాలి. నీ లెక్కే కదా అది? వేసవి నుంచీ ఈ హోటల్లో బిల్లు లేకుండా గదిలో ఉన్న మనుషులు ఎవరైనా ఉంటే వీళ్ళిద్దరే."

మా మామగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అలా పొట్ట పట్టుకుని నవ్వగా నేను చూడలేదు. నవ్వుతూనే జేబులు తడుముకున్నారు. పర్సు ఎప్పటిలాగే ఇంట్లో మర్చిపోయారు. "అమ్మాయ్, నువ్వు కట్టెయ్" అన్నారు. చేతులు పడిపోయేలా ఊపిందీ నేనే, అద్దె కట్టిందీ నేనే! అయినా ఆ రోజు ఇచ్చినంత ఇష్టంగా డబ్బు నేనెవరికీ ఇచ్చి ఎరగను.

కౌంటరక్క చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, బిల్లు చింపి అందించింది. మామగారు అక్కడే బల్ల మీద ఆనించి, పెన్సిలుతో దానికి టిక్కు పెట్టి, నాకిచ్చి దాచమన్నారు.